చౌక విమానం పది గంటలు ఎగిరితే లెక్క ఎక్కడ మారుతుంది

బడ్జెట్ విమానంలో టికెట్ ఎందుకు తక్కువ అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: భోజనం పెట్టరు, సీట్లు ఇరుకు, బ్యాగుకు విడిగా డబ్బు కట్టాలి. ఇవన్నీ నిజమే గానీ అసలు కారణం వేరే ఉంది. ఒక పూట భోజనం మానేస్తే టికెట్ మీద మిగిలేది కొన్ని వందల రూపాయలు. వేలల్లో తేడా వచ్చేది విమానం రోజుకు ఎన్నిసార్లు ఎగురుతుందన్న దాంట్లో. షేర్ ఆటో లాభం ట్రిప్పుల లెక్కలో ఉన్నట్టే దీని లాభమూ అక్కడే ఉంది.

హైదరాబాద్–బెంగళూరు లాంటి గంటంపావు ప్రయాణం తీసుకోండి. దిగిన విమానాన్ని అరగంటలో ఖాళీ చేసి, ఊడ్చి, మళ్లీ నింపి పంపగలిగితే ఒక్కో ట్రిప్పుకు గంటా నలభై అయిదు నిమిషాలు చాలు. పద్నాలుగు గంటల్లో ఎనిమిది ట్రిప్పులు పడతాయి. అదే పని గంట తీసుకుంటే ట్రిప్పుకు రెండుంబావు గంటలు, అంటే అవే పద్నాలుగు గంటల్లో ఆరు ట్రిప్పులే. విమానం నెల అద్దె మారదు, బీమా మారదు, హ్యాంగరు ఖర్చు పెద్దగా మారదు. రెండు ట్రిప్పుల ఆదాయం మాత్రం అదనంగా వచ్చిపడుతుంది. బడ్జెట్ విమానయానం మొత్తం ఈ అరగంట మీద నిలబడి ఉంది. ఒకే రకం విమానం నడపడం, ఆహారం బండ్లు తక్కువ ఎక్కించడం, సరుకు రవాణాను పక్కన పెట్టడం, ముందు వెనక తలుపులు రెండూ తెరవడం, అన్నీ ఆ అరగంట కోసమే.

ఇప్పుడు ముంబై నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్దాం. పోను తొమ్మిదిన్నర గంటలు, రాను తొమ్మిది. రెండు చివర్లా రెండేసి గంటలు ఆగితే ఇరవై రెండున్నర గంటలు గడిచిపోతాయి. మీరెంత చురుగ్గా పనిచేసి చెరో అరగంట మిగిల్చినా చేతికి వచ్చేది ఒక గంట. ఆ గంటలో ఆ పెద్ద విమానం ఇంకెక్కడికీ వెళ్లి రాలేదు. పైగా ఆ అరగంట మిగల్చడమే కష్టం. మూడు వందల ముప్పై మంది దిగాలి, అంతమంది ఎక్కాలి, అరవై వేల లీటర్లకు పైగా ఇంధనం పట్టాలి, రెండు పూటల భోజనాలు ఎక్కాలి, మరుగుదొడ్ల ట్యాంకులు ఖాళీ కావాలి. పాత తరహా పూర్తి సేవల సంస్థలు కూడా తమ పెద్ద విమానాలను రోజుకు పద్నాలుగు, పదిహేను గంటలు ఎప్పటినుంచో ఎగరేస్తూనే ఉన్నాయి. దగ్గరి దూరాల్లో బడ్జెట్ సంస్థకున్న అసలు ఆయుధం దూర ప్రయాణంలో అందరి దగ్గరా ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆరు గంటలు దాటాక బడ్జెట్ విమానం అనేది ఒక వ్యాపార పద్ధతిగా నిలవదు. దాటి నిలిచినవి ఏదో ఒక పెద్ద అండ ఉన్నవి, లేదా బడ్జెట్ పద్ధతిని మెల్లగా వదిలేసినవి. ఇది తెలిస్తే టికెట్ కొనేటప్పుడు ఏం చూడాలో తెలుస్తుంది.

ముందు ఇంధనం సంగతి. 232 సీట్ల ఎయిర్‌బస్ A321నియో గంటకు సుమారు 2.4 టన్నుల ఇంధనం తాగుతుంది. అంటే సీటుకు గంటకు పది కిలోలు. 338 సీట్ల బోయింగ్ 787-9 గంటకు అయిదున్నర టన్నుల దాకా తాగుతుంది, సీటుకు పదహారు కిలోలు. 787 గంటకు ఓ డెబ్బై కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంది. అది కలిపి చూసినా తేడా పూర్తిగా పోదు. "కొత్త తరం, ఇంధనం ఆదా" అని చెప్పే పెద్ద విమానం సీటుకు ఎక్కువ తాగడానికి కారణం బరువు. పది గంటల ఇంధనాన్ని మోయడానికే ఇంధనం ఖర్చవుతుంది. మోసే ప్రతి టన్నుకూ గంటకు మూడు శాతం చొప్పున వేసుకోవాలి. పది గంటలు ఒక టన్ను మోస్తే పావు టన్ను పైచిలుకు దానికోసమే కాలిపోతుంది.

ముంబై–ఆమ్‌స్టర్‌డామ్‌కు తొమ్మిదిన్నర గంటలంటే దాదాపు 52 టన్నులు, 65 వేల లీటర్లు. సీట్లలో 85 శాతం నిండాయనుకుంటే మనిషికి 225 లీటర్ల పైమాటే. లీటరు 65 రూపాయలు వేసుకుని చూడండి, ఒకవైపుకు ఒక్కొక్కరి మీద దాదాపు 14,700 రూపాయలు. ఇంకా విమానం అద్దె, సిబ్బంది జీతాలు, దారిలో దాటే దేశాలకు కట్టే సుంకం, విమానాశ్రయం రుసుము ఏవీ కలపలేదు. ఆకర్షణ కోసం పెట్టిన అడుగు ధర టికెట్లు ఎందుకు కొన్నే ఉంటాయో, మిగతావి ఎందుకు మామూలు ధరకే వస్తాయో ఇక్కడే తెలిసిపోతుంది. ఇంధనం బడ్జెట్ సంస్థకైనా ఖరీదైన సంస్థకైనా ఒకే ధర. మొత్తం ఖర్చులో ఇంధనం వాటా పెరిగేకొద్దీ పొదుపు చేయగలిగే వాటా కుంచించుకుపోతుంది.

పైలట్ల విషయమూ అంతే. మన దేశంలో ఇద్దరు పైలట్లతో నడిపే విమానానికి ఎగిరే సమయం మీద పరిమితి ఉంది. రాత్రి వేళ కలిస్తే ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. యూరప్ ప్రయాణాలు ఆ గీత దగ్గరే ఉంటాయి కాబట్టి మూడో పైలట్ కావాలి, పడుకోవడానికి చోటు కావాలి, అవతలి ఊళ్లో హోటలు కావాలి. దగ్గరి దూరాల్లో సిబ్బంది రాత్రికి ఇల్లు చేరతారు. 2025 నవంబరులో కొత్త విశ్రాంతి నిబంధనలు పూర్తిగా అమల్లోకి రాగానే డిసెంబరు మొదట్లో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేయాల్సి వచ్చింది. సిబ్బంది లెక్కను బిగబట్టి నడిపే సంస్థకు ఒక్క నిబంధన మారితే ఏమవుతుందో అప్పుడు దేశమంతా చూసింది.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ముందు వరస, అంటే బిజినెస్ క్లాస్. పడుకునే సీటు ఒకటి మూడు నాలుగు ఎకానమీ సీట్ల చోటు తీసుకుంటుంది, కానీ అంతకంటే ఎక్కువ రెట్లకు అమ్ముడుపోతుంది. పెద్ద సంస్థలు ఆ డబ్బుతో, పొట్టలో వేసుకెళ్లే సరుకు డబ్బుతో విమానం ఖర్చు చాలావరకు రాబట్టుకుని, వెనక సీట్లను ఎంతకైనా వదలగలవు. బడ్జెట్ సంస్థ ఒక ధర ప్రకటించిన మర్నాడే ఓ నలభై సీట్లకు అదే ధర పెట్టి పోటీకి దిగగలవు. బడ్జెట్ సంస్థకు ఆ ధరే జీవనాధారం. అవతలివాళ్లకు అది మిగిలిపోయిన సీట్ల అమ్మకం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1977 సెప్టెంబరు 26న బ్రిటిష్ వ్యాపారి ఫ్రెడ్డీ లేకర్ లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు స్కైట్రెయిన్ పేరుతో DC-10 విమానాలు మొదలుపెట్టాడు. జనం బారులు తీరారు. పెద్ద సంస్థలు ధరలు దించాయి, 1979లో DC-10లను కొన్నాళ్లు నేలకు దించేశారు, పౌండ్లలో ఆదాయం, డాలర్లలో అప్పు. 1982 ఫిబ్రవరిలో సంస్థ మూతపడింది. హాంకాంగ్–లండన్ మధ్య 747లు నడిపిన ఒయాసిస్ 2006లో మొదలై 2008లో ఆగిపోయింది. ఎయిర్ ఏషియా ఎక్స్ 2009లో కౌలాలంపూర్ నుంచి లండన్‌కు, తర్వాత పారిస్‌కు నాలుగు ఇంజన్ల A340లతో ఎగిరి 2012లో రెండింటినీ వదిలేసింది. ఢిల్లీ దాకా వచ్చిన ఐస్‌లాండ్ సంస్థ వావ్ 2019 మార్చిలో కుప్పకూలింది.

వీటిలో నార్వే బడ్జెట్ సంస్థ నార్వేజియన్ కథ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అందరికంటే బాగా చేసినవాళ్లు వాళ్లే. కొత్త 787లు, చక్కటి సేవ, మంచి ధరలు. దెబ్బ కొట్టినది ఇంజను. రోల్స్‌రాయిస్ ట్రెంట్ 1000 ఇంజన్లలో టర్బైన్ రెక్కలు అనుకున్నదానికంటే ముందే తుప్పు పట్టి పగలడం, కంప్రెసర్ రెక్కలకు బీటలు రావడం మొదలైంది. తనిఖీల కోసం ఇంజన్లు దించితే వాటి స్థానంలో పెట్టడానికి అదనపు ఇంజన్లు ప్రపంచంలోనే చాలినన్ని లేవు. విమానాలు నిలిచిపోయాయి. పరాయి విమానాలను సిబ్బందితో సహా అద్దెకు తెచ్చి నడిపారు. 2018లో లండన్–న్యూయార్క్ దారిలో ఒక A380ని కూడా అలా తెచ్చి తిప్పారు. వంద పెద్ద విమానాలున్న సంస్థ అయితే రెండు మూడు ఆగినా సర్దుకుంటుంది. రోజూ ఇరవై రెండు గంటలు ముందే పంచేసుకున్న చిన్న దళంలో ఒకటి ఆగితే రేపటి ప్రయాణం కూడా ఆగుతుంది, ఎల్లుండిదీ ఆగుతుంది. ఆపైన కోవిడ్ వచ్చి, 2021 జనవరిలో నార్వేజియన్ దూర ప్రయాణాలకు పూర్తిగా స్వస్తి చెప్పింది.

మరి నిలబడ్డవాళ్లు ఎవరు? స్కూట్ వెనక సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఉంది. జెట్‌స్టార్ వెనక క్వాంటాస్, జిప్ఎయిర్ వెనక జపాన్ ఎయిర్‌లైన్స్. విమానం చెడితే మాతృసంస్థ హ్యాంగరు ఉంది, ప్రయాణికులు తక్కువైతే మాతృసంస్థ సర్వీసుల నుంచి కలిసేవాళ్లు ఉన్నారు. జిప్ఎయిర్ తన 290 సీట్ల 787-8లో 18 పడుకునే సీట్లు కూడా పెట్టింది. స్కూట్ 787లను ఎక్కువగా వాడేది ఎక్కడో చూడండి: ఏడెనిమిది గంటల్లో చేరగలిగే ఆస్ట్రేలియా, జపాన్ దారుల్లో.

తెలుగువాళ్లకు నిజంగా పనికొచ్చిన బడ్జెట్ దూర ప్రయాణం ఇదే, దీని గురించి మనం తక్కువ మాట్లాడతాం. విశాఖపట్నం నుంచి స్కూట్‌లో నాలుగు గంటలు సింగపూర్, అక్కడినుంచి ఏడున్నర గంటలు మెల్‌బోర్న్. మొత్తం ప్రయాణం రెండు ముక్కలు, ఒకటి ఆరు గంటల గీతకు లోపల, రెండోది కాస్త అవతల. చిన్న విమానం చిన్న ఊరి నుంచి జనాన్ని పోగుచేస్తుంది, పెద్ద విమానం నిండా వెళ్తుంది. ఢిల్లీకో ముంబైకో వెళ్లి మారాల్సిన అవసరం ఉత్తరాంధ్ర కుటుంబానికి లేదు. దూరాన్ని ముక్కలు చేయడమే ఇక్కడ కిటుకు.

ఇక ఇండిగో. 2025 జులైలో ముంబై నుంచి మాంచెస్టర్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు మొదట వారానికి మూడేసి సర్వీసులతో దిగింది. విమానాలు సొంతవి కావు. నార్వేకు చెందిన నార్స్ అట్లాంటిక్ నుంచి 787-9లను అద్దెకు తెచ్చింది. పైలట్లు నార్స్ వాళ్లు, క్యాబిన్‌లో ఎక్కువమంది ఇండిగో వాళ్లు. నిర్వహణ, బీమా అద్దెకిచ్చినవాళ్ల బాధ్యత. 338 సీట్లలో ముందు 56 వెడల్పాటివి, ప్రయాణికులకు వేడి భోజనం టికెట్‌లోనే. సొంత విమానాలుగా మొత్తం అరవై A350-900లు కొనే ఏర్పాటులో ఉంది.

ఇండిగో గెలుస్తుందని నా అంచనా. కారణం అది బడ్జెట్ సంస్థ కావడం కాదు, దూరాల్లో బడ్జెట్ సంస్థగా ఉండనని ముందే ఒప్పుకోవడం. వేడి భోజనం పెట్టింది, ముందు సీట్లు పెట్టింది, సరుకు వేసుకుంటోంది, భాగస్వామి సంస్థలతో కలిపి టికెట్ అమ్ముతోంది. స్కూట్‌కు మాతృసంస్థ చేసే పని ఇక్కడ ఇండిగో దేశీయ జాలమే చేస్తుంది: రాజమండ్రి, తిరుపతి, విజయవాడ నుంచి జనాన్ని తెచ్చి ముంబైలో పోస్తుంది. లేకర్‌కు గానీ నార్వేజియన్‌కు గానీ ఇంత బలమైన సొంత ఊళ్ల వల లేదు. కాబట్టి "చౌక సంస్థ యూరప్ వెళ్తోంది, ఇక టికెట్లు సగం" అన్న ఆశ పెట్టుకోవద్దు. వచ్చేది సగం ధర కాదు, ఇంకొక పోటీదారు. గల్ఫ్ సంస్థలు, యూరప్ సంస్థలు పంచుకుంటున్న దారిలో మరొక పేరు. అది కూడా మంచిదే.

ఆకాశమార్గం అడ్డంకి కూడా లెక్కలో వేయాలి. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ గగనతలం భారతీయ సంస్థలకు మూసుకుపోయింది. ఢిల్లీ నుంచి అల్మాటీ, తాష్కెంట్‌లకు చుట్టూ తిరిగి వెళ్లడం చిన్న విమానాలకు అందని దూరమై ఇండిగో వాటిని ఆపేసింది. ఈ మూసివేత విదేశీ సంస్థలకు లేదు. అందుకని ఒకే దారిలో పోటీపడే రెండు విమానాల్లో మన విమానం ఎక్కువ ఇంధనం కాల్చాల్సి వస్తుంది. ముంబై, హైదరాబాద్‌ల నుంచి అరేబియా సముద్రం మీదుగా పడమరకు పోయే దారికి ఢిల్లీకంటే ఈ బాధ తక్కువ. హైదరాబాద్‌ను దూర ప్రయాణాల కేంద్రంగా చూడమని అడగడానికి ఇది గట్టి కారణం, మనవాళ్లు ఎందుకో దీన్ని వాడుకోవడం లేదు. జర్మనీ సంస్థ లుఫ్తాన్సా 2024 జనవరిలో, నెదర్లాండ్స్ సంస్థ కేఎల్ఎం 2025 సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి నేరుగా మొదలుపెట్టాయంటే అవతలివాళ్లకు లెక్క కనబడిందనే. ఇక్కడి మందుల సరుకు కూడా అందులో భాగం. పెద్ద విమానం పొట్ట నిండడానికి చల్లటి పెట్టెల్లో వెళ్లే మందులకంటే మంచి సరుకు లేదు.

ఎయిర్‌బస్ వాళ్ల కొత్త విమానం A321XLR గురించి ఇప్పుడు చాలా ఉత్సాహంగా రాస్తున్నారు. చిన్న విమానమే 8,700 కిలోమీటర్లు పోతుంది, 195 సీట్లు నింపడం సులువు, ఇక హైదరాబాద్–లండన్ ఎందుకు కుదరదు అని. కాగితం మీద హైదరాబాద్–లండన్ 7,750 కిలోమీటర్లు. అయితే ఆ 8,700 నిశ్చలమైన గాలిలో, మామూలు సామానుతో లెక్క. శీతాకాలం ఎదురుగాలి, చుట్టుదారి, దిగేచోటు మారితే కావలసిన నిల్వ, ఇవన్నీ తీసేస్తే అంచు మీదికి వస్తుంది. దానికితోడు మన సామాను. ఆగస్టులో ఉన్నత చదువులకు వెళ్లే పిల్లలు ఒక్కొక్కరు 23 కిలోల పెట్టెలు రెండేసి తీసుకెళ్తారు. 195 మందికి 46 కిలోల చొప్పున దాదాపు తొమ్మిది టన్నులు. ఆ దూరం వెళ్లడానికి XLRలో అదనపు ఇంధనపు ట్యాంకును పెట్టింది వెనక సామాను గదిలోనే. అంటే ఎవరికి సామాను ఎక్కువో వాళ్లకే చోటు తక్కువ. ఏథెన్స్, ఇస్తాంబుల్ లాంటి ఆరు వేల కిలోమీటర్ల లోపు ఊళ్లకు ఇది చక్కటి విమానం. మన పచ్చళ్ల పెట్టెలతో లండన్‌కు మాత్రం కాదు.

ఇంకో చిక్కు ఏమిటంటే మన రద్దీ ఒకవైపే ఉంటుంది. జులై, ఆగస్టుల్లో పోయేవి నిండుగా, వచ్చేవి పలచగా. డిసెంబరులో వచ్చేవి నిండుగా. దగ్గరి దూరాల విమానాన్ని పలచని నెలలో ఇంకో దారికి మళ్లించవచ్చు. వారానికి మూడు సర్వీసుల యూరప్ దారిని అలా మడిచి పెట్టలేరు. అందుకే ఆగస్టులో పోను టికెట్ భగ్గుమంటుంది, అదే నెల రాను టికెట్ చవగ్గా దొరుకుతుంది.

కొనేవాళ్లు చూడాల్సినవి. మొదటిది, ప్రయాణమంతా ఒకే టికెట్ మీద, ఒకే బుకింగ్ నంబరు మీద ఉందా అన్నది. రెండు విడి టికెట్లు కొని మధ్యలో మీరే కలుపుకుంటే ధర తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్లకు సంబంధం లేదు, టికెట్ పోయినట్టే. పెట్టెలు మధ్య ఊళ్లో తీసుకుని మళ్లీ ఇవ్వాలంటే ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ దాటాలి, దానికి ఆ దేశంలో ప్రవేశించే అనుమతి కావాలి. విమానాశ్రయం లోపలే ఉండి మారేందుకు సరిపోయే కాగితాలు ఇక్కడ సరిపోవు. ఈ ఒక్క కారణంతో చెక్-ఇన్ దగ్గరే ఆగిపోవాల్సి రావచ్చు.

సామాను లెక్క రెండు రకాలు. కొన్ని సంస్థలు మొత్తం కిలోలు చెబుతాయి, కొన్ని పెట్టెకు ఇన్ని కిలోలు అంటాయి. 30 కిలోలంటే ఒక 23, ఒక 7 అని కాదు. ఒకచోట ముప్పై కిలోల ఒకే పెట్టె చెల్లుతుంది, ఇంకోచోట పెట్టె 23 దాటితే అదనంగా కట్టాలి. అమెరికాకు వెళ్లే ఒకే టికెట్ అయితే ఒకే సంస్థ సామాను నియమం చివరిదాకా నడుస్తుంది. విడి టికెట్లయితే ఎవరి నియమం వాళ్లది. టికెట్ ధరకు రెండు పెట్టెల ధర, సీటు, భోజనం కలిపి, అప్పుడు గల్ఫ్ సంస్థ ధరతో పోల్చండి. పోల్చాక తేడా మూడు నాలుగు వేల లోపే ఉంటే వారానికి మూడు రోజులే నడిచే విమానాన్ని వదిలేయమని నా సలహా. రోజూ రెండు సర్వీసులున్నవాళ్లు రద్దయితే సాయంత్రం పంపుతారు. వారానికి మూడే ఉన్నవాళ్లు ఎప్పుడు పంపుతారు?

ముంబైలో మారితే దేశీయ విమానం ఒకటో టెర్మినల్‌లో (T1) దిగుతుందా, రెండో టెర్మినల్‌లోనా (T2) చూడండి. T1 అయితే అంతర్జాతీయ విమానానికి T2కు రోడ్డు మీద వెళ్లాలి. మూడు గంటల కంటే తక్కువ వ్యవధి పెట్టుకోవద్దు. పెద్దవాళ్లను పంపుతుంటే చక్రాల కుర్చీ కోరింది రెండు ముక్కలకూ నమోదైందో లేదో టికెట్‌లో సరిచూడండి. విడి టికెట్లయితే రెండుసార్లు అడగాలి.

సీట్ల వరస కూడా ముందే చూడవచ్చు. A330లో సాధారణంగా వరసకు ఎనిమిది సీట్లు, రెండు-నాలుగు-రెండు. ఎయిర్ ఏషియా ఎక్స్, సెబు పసిఫిక్ తొమ్మిది పెడతాయి, సీటు వెడల్పు పదహారున్నర అంగుళాల దగ్గరికి వస్తుంది. అదే తొమ్మిది 787లో పదిహేడు దాటుతుంది. నాలుగు గంటలకు తెలియని ఈ తేడా తొమ్మిది గంటలకు భుజాలకు తెలుస్తుంది.

నష్టపరిహారం దగ్గర చాలామందికి తెలియని ఒక వంకర ఉంది. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణం నాలుగు గంటలు దాటి ఆలస్యమైతే 600 యూరోలు రావాలి. బ్రిటన్‌లో 520 పౌండ్లు. వాతావరణం లాంటి అసాధారణ కారణాలకు మినహాయింపు ఉంది గానీ మామూలు ఇంజను చెడడం అందులోకి రాదు. అయితే యూరప్‌లో బయలుదేరే విమానం ఏ దేశానిదైనా ఈ నియమం వర్తిస్తుంది, యూరప్‌కు వచ్చే విమానమైతే అక్కడి సంస్థలకే వర్తిస్తుంది. అందువల్ల ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ముంబైకి ఇండిగోలో వస్తూ ఆలస్యమైతే మీకు హక్కుంది, ముంబై నుంచి వెళ్తూ అయితే లేదు. అదే దారిలో కేఎల్ఎంలో వెళ్తే రెండువైపులా ఉంది. ఇండిగో బుకింగ్‌లో విమానం నడిపేది వేరే సంస్థ అని కనిపిస్తే ఆ వివరం స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటకముందే అక్కడి కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోవాలి. దెబ్బతిన్న పెట్టెకు ఏడు రోజుల్లో, ఆలస్యంగా వచ్చిన పెట్టెకు ఇరవై ఒక్క రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. మాంట్రియల్ ఒప్పందం కింద ఒక ప్రయాణికుడి సామానుకు గరిష్ఠ పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం), మన డబ్బులో లక్షన్నర రూపాయల పైమాటే.

మన వైపు నిబంధన ఎలా ఉందంటే, తగినంత ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే రెండు గంటలు దాటిన ప్రయాణానికి పది వేల రూపాయలు, లేదా ఒకవైపు మూలధర, ఇంధన రుసుము కలిపినంత, రెండింటిలో ఏది తక్కువైతే అది. హైదరాబాద్–ఢిల్లీకీ అంతే, ముంబై–మాంచెస్టర్‌కీ అంతే. ఆలస్యానికి నగదు పరిహారమే లేదు, భోజనం, గంటలు ఎక్కువైతే హోటలు. దేశీయ ప్రయాణాలే ప్రధానంగా ఉన్న రోజుల్లో రాసిన అంకె ఇది. పది గంటల ప్రయాణాలు అమ్ముతున్న సంస్థలకు ఇప్పుడూ ఇదే వర్తించడం అన్యాయం. దూరాన్నిబట్టి మెట్లు పెట్టాలి, గమ్యం ఎంత ఆలస్యంగా చేరారన్నదానికీ పరిహారం ఉండాలి. అద్దె విమానం నడిపేది ఎవరో, వారానికి ఎన్ని సర్వీసులో, రద్దయితే తర్వాతి విమానం ఎప్పుడో డబ్బు కట్టే పేజీలోనే తెలుగులో సహా కనిపించాలి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఈ మూడూ చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న పౌర విమానయాన నిబంధనను సవరిస్తే చాలు.